గాలి తగ్గితే కొండకు గండం

2025 జనవరి 8వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర దాటాక మా అమ్మాయి ఫోన్ చేసింది. గుంటూరులో మాకు బుధవారం ఉదయం, కాలిఫోర్నియాలో వాళ్ళకు ఇంకా మంగళవారం రాత్రి ఏడు గంటలు. మామూలుగా ఆ వేళకు మనవణ్ణి హోంవర్కు దగ్గర కూర్చోబెట్టి, వంట చేసుకుంటూ తీరిగ్గా మాట్లాడే మనిషి, ఆ రోజు పలకరింపు కూడా లేకుండా, "నాన్నా, ఈటన్ కాన్యన్‌లో మంట లేచింది, మా వీధి చివర నిలబడితే కొండ ఎర్రగా కనిపిస్తోంది, సర్దుకుంటున్నాం" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆమె మాట వెనక గాలి హోరు, ఆ హోరులో పిల్లవాడి ఏడుపు, కారు తాళాల కోసం సొరుగులన్నీ లాగుతున్న అల్లుడి హడావిడి వినిపించాయి.

వాళ్ళుండే సియెర్రా మాద్రే, పాసడీనా నగరం పక్కన, సాన్ గాబ్రియెల్ పర్వతాల పాదాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి వెనక కాలిబాట పట్టి ఎక్కుతూ పోతే 1,740 మీటర్ల ఎత్తున్న మౌంట్ విల్సన్ శిఖరం వస్తుంది. 1904లో జార్జ్ ఎలరీ హేల్ నెలకొల్పిన ఖగోళ వేధశాల ఆ శిఖరం మీదే ఉంది. దాని పక్కనే, లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని టీవీ కేంద్రాల్లో చాలా వాటికీ, ఎన్నో ఎఫ్ఎం రేడియోలకూ ఆధారమైన ప్రసార స్తంభాల గుంపు ఉంది. ప్రసార విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు ట్రాన్స్‌మిటర్ల మధ్య గడిపి 2016లో పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, అమ్మాయి ఫోన్ పెట్టేసిన మరుక్షణం నా ఆలోచన వాళ్ళింటి నుంచి ఆ స్తంభాల మీదికి పోయింది. మా ఆవిడకు అది నచ్చలేదు. "పిల్లలు రోడ్డున పడుతుంటే మీకు ఇనప స్తంభాలు గుర్తొచ్చాయా" అంది. ఆమె కోపం సబబే గానీ, ఎటు వెళ్ళాలో, ఏ రోడ్డు మూశారో, మంట ఎంత దూరంలో ఉందో పిల్లలకు చెప్పవలసిన గొంతులు ఆ ఇనప స్తంభాల మీద నుంచే రావాలన్నది నా బెంగ.

ఆ కొండ నాకు పరాయిది కాదు. 2018 వేసవిలో అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక ఆదివారమంతా అక్కడ గడిపాను. నూరంగుళాల హూకర్ దూరదర్శిని ముందు నిలబడ్డాను. 1917లో పని ప్రారంభించిన ఆ దూరదర్శినితోనే 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక సెఫీడ్ తారను గుర్తించి, అది మన పాలపుంతకు ఆవల ఉన్న మరో నక్షత్ర ప్రపంచమని తేల్చాడు. నాలుగు టన్నులు పైబడిన ఆ అద్దానికి పోత పోసింది ద్రాక్షసారా సీసాలు చేసే పచ్చని గాజుతోనేనని తెలిసినప్పుడు ఎందుకో మనసుకు హాయిగా అనిపించింది. హైదరాబాదులో పెరిగిన మన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పరిశోధన 1957లో విల్సన్-బప్పు ఫలితంగా లోకానికి తెలిసిందనీ, ఆ విల్సన్ వేరు, కొండకు పేరిచ్చిన బెంజమిన్ విల్సన్ వేరనీ మా అల్లుడికి చెప్పాను. అతను మర్యాదకు తలూపాడు. గోపురాల దగ్గర నుంచి పక్కకు తిరిగితే మొక్కజొన్న చేనులా నిలబడిన స్తంభాలు. చెప్పొద్దూ, గోపురాల కంటే వాటినే ఎక్కువసేపు చూశాను.

ఇక్కడ కొంచెం నా వృత్తి గోల చెప్పక తప్పదు. మా తరానికి రేడియో అంటే 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, దాని 837 కిలోహెర్ట్జ్. ఆ మీడియం వేవ్ (ఏఎం అనేదీ ఇదే) తరంగం నేలను పట్టుకుని పాకుతుంది కాబట్టి, దాని స్తంభానికి ఎత్తైన కొండ అక్కర్లేదు, తడి ఉన్న మంచి నేల కావాలి. కృష్ణా డెల్టా మట్టి దానికి వరం. టీవీ, ఎఫ్ఎం తరంగాలు అలా పాకవు, దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. స్తంభం ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్లు పోతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. మౌంట్ విల్సన్‌కు ఈ లెక్క వేస్తే సుమారు 170 కిలోమీటర్లు. కోటి మంది నివసించే మైదానం మొత్తానికి ఒక్క శిఖరం చాలడం ఇందువల్లే. కానీ కొండ అంటే అడవి, అడవి అంటే ఎండాకాలపు నిప్పు. మనకు స్తంభాలు చేల మధ్య ఉన్నాయి, వాళ్ళకు చిచ్చు మధ్య ఉన్నాయి.

రెండోసారి ఫోన్ కలిసినప్పుడు, "కార్లో ఏఎం రేడియో ఉందా అమ్మా?" అని అడిగాను. "ఇప్పుడు రేడియో ఏంటి నాన్నా" అని విసుక్కుంది. సెల్ టవర్లకు కరెంటు పోతే ఫోన్లు మూగబోతాయనీ, కొండ అంటుకుంటే ఎఫ్ఎం పోతుందనీ, 1070 మీద వచ్చే కె.ఎన్.ఎక్స్. వార్తల స్టేషను ట్రాన్స్‌మిటర్ సముద్రానికి దగ్గరగా టారెన్స్ మైదానంలో ఉంది కాబట్టి ఆ యాభై కిలోవాట్లకు ఈ మంట తగలదనీ గబగబా చెప్పాను. తీరా చూస్తే వాళ్ళు ఎక్కబోతున్నది కొత్తగా కొన్న కరెంటు కారు. అందులో ఏఎం లేదు. చివరికి అల్లుడి పాత పెట్రోలు కారే తీశారు. సెరిటోస్‌లో తెలిసిన తెలుగువారింటికి వెళ్ళేదాకా ఆ స్టేషనే పెట్టుకుని పోయారు. దారిలో మూడుసార్లు ఫోన్ తెగిపోయింది. మా ఆవిడ ప్రతిసారీ దేవుడి గదిలోకి వెళ్ళి వచ్చింది.

పిల్లలు క్షేమంగా చేరారని తెలిశాక నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ నాలుగు రోజులూ నా పని అదే. కొండల మీద ఇప్పుడు మంటలను కనిపెట్టే కెమెరాలు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటి చిత్రాలు ఎవరైనా చూడవచ్చు. ఉపగ్రహాలు పట్టిన వేడిమి చుక్కలను నాసా పటం మీద చూపిస్తుంది. ఆ చుక్కలను నమ్మే పద్ధతి కూడా తెలియాలి. ఒక్కో చుక్క అంటే సుమారు 375 మీటర్ల గడి; ఆ గడిలో ఎక్కడో వేడి ఉందని అర్థమే గానీ, గడి అంతా తగలబడుతోందని కాదు. మన తెనాలి వైపు పొలాల్లో ఎవరైనా వరిగడ్డి అంటించినా అలాంటి ఎర్ర చుక్కే పడుతుంది. ఉపగ్రహం మళ్ళీ వచ్చేదాకా ఆ చుక్క పాతబడుతూనే ఉంటుంది. మంట మాత్రం ఆగదు.

ఆ మొదటి రాత్రి నేను మా ఆవిడతో అన్న మాట ఒకటుంది: "ఈ గాలి ఉన్నంతసేపు కొండకు భయం లేదు. గాలి తగ్గాకే దానికి గండం." శాంటా ఆనా గాలులు ఈశాన్యాన ఉన్న ఎడారి నుంచి పుట్టి, కొండలు దాటి, కిందికి దిగుతూ దిగుతూ వేడెక్కి, తేమంతా పోగొట్టుకుని ఊళ్ళ మీద పడతాయి. ఆ రోజు కొండల మీద గంటకు 160 కిలోమీటర్ల దాకా విసురుగా వీచాయి. విమానాలు, హెలికాప్టర్లు పైకి లేవలేక నేల మీదే ఉండిపోయాయి. అంత గాలి మంటను కొండ నుంచి ఊరి వైపుకే తోస్తుంది. కొండ కిందున్న ఆల్టడీనా ఊరు అందుకే బలైంది. గాలి నెమ్మదించిందంటే ఊరికి ఊపిరి ఆడుతుంది. మంట మాత్రం తన సహజ గుణానికి తిరిగి వచ్చి పైకి పాకుతుంది. నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు, ఒక గుట్ట మీద కాళ్ళు కాల్చుకుని తెలుసుకున్నాను.

1996 మార్చి 13. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటం నా జ్ఞాపకశక్తి గొప్ప కాదు; కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మనకూ శ్రీలంకకూ ప్రపంచకప్పు సెమీఫైనల్ జరిగింది ఆ రోజే. అప్పుడు నేను ఉమ్మడి గుంటూరు జిల్లా పల్నాడులో ఒక గుట్ట మీద ఉన్న చిన్న టీవీ రిలే కేంద్రానికి ఇన్‌ఛార్జిని. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, ముప్ఫై మీటర్ల స్తంభం, ఒక డిష్, ఒక ముసలి డీజిల్ జనరేటర్, ఇద్దరు టెక్నీషియన్లు, ఒక వాచ్‌మన్. చుట్టూ నడుమెత్తు బోదగడ్డి. గడ్డి కోయించి, ప్రహరీ చుట్టూ పది మీటర్ల మేర నేల చెక్కించడానికి మూడు వేల రూపాయలు మంజూరు చేయమని డిసెంబరులోనే పై కార్యాలయానికి రాశాను. ఈ ఆర్థిక సంవత్సరంలో ఈ పద్దు కింద నిధులు లేవని జనవరిలో జవాబు వచ్చింది. ఆ జవాబును ఫైల్లో పెట్టుకుని, వాచ్‌మన్ చేత కొడవలితో అయినంత కోయించాను. అది ప్రహరీకి నాలుగడుగుల మేర కూడా రాలేదు.

సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో వాచ్‌మన్ లోపలికి వచ్చి, "సారూ, పడమటేపు పొగ లేత్తా ఉంది. గొర్రెలోళ్ళు కొత్త గడ్డి కోసం అంటించినట్టున్నారు" అన్నాడు. బయటికి వచ్చి చూస్తే గుట్ట కింద, చాలా దూరంలో, మనిషి నడకలాంటి వేగంతో సాగుతున్న సన్నని ఎర్రగీత. గంటో గంటన్నరో పడుతుందిలే అనుకున్నాను. గుట్ట వాలు మొదలయ్యే చోటికి వచ్చిందో లేదో, ఆ గీత ఒక్కసారిగా పరుగందుకుంది. వాలు మీద మంట ముందుకు వంగుతుంది. తనకు పైన ఉన్న గడ్డిని అంటుకోకముందే తన సెగతో ఎండబెట్టి, అంటుకోవడానికి సిద్ధం చేసి పెట్టుకుంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని తర్వాతెప్పుడో చదివాను. ఆ రోజు కళ్ళతో చూసినప్పుడు మాత్రం, ఎవరో కింద నుంచి దుప్పటి విదిలించినట్టు అనిపించింది.

ఊళ్ళో మనుషులను పిలుచుకు రమ్మని ఒక టెక్నీషియన్‌ను పరుగెత్తించాను. అతను వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద టీవీ ముందు వంద మంది ఉన్నారనీ, శ్రీలంక ఇన్నింగ్స్ అయ్యాక వస్తామన్నారనీ చెప్పాడు. ఈలోగా గుట్ట వాలు మీది కరెంటు స్తంభం ఒకటి అంటుకుని సరఫరా ఆగిపోయింది. జనరేటర్ వేస్తే, అది బూడిద కలిసిన వేడి గాలినే పీల్చుకుంటూ, పావుగంటలోనే ఉష్ణోగ్రత ముల్లును ఎర్రగీత దాటించింది. డీజిల్ పీపాలు రెండూ పడమటి గోడ పక్కనే ఉన్నాయి. ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. లాగ్ బుక్కులో సమయం రాసి, ట్రాన్స్‌మిటర్ కట్టేసి, జనరేటర్ ఆపి, పీపాలను తూర్పు వైపుకు దొర్లించాం.

ప్రసారం ఆగిన పది నిమిషాలకు ఊరంతా గుట్టెక్కింది, నన్ను తిట్టడానికి. ముందు నడుస్తున్న పెద్దాయన చేతికర్ర ఊపుతూ, "ఏందయ్యా, ఆఖరి ఓవర్లప్పుడు కట్టేశావేంది, నీ అబ్బ సొమ్మా?" అంటూ మలుపు తిరిగి, ఎదురుగా మంటను చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, మనుషులతో మాట్లాడాడు. నలుగురిని వేపరొట్ట విరుచుకు రమ్మన్నాడు, ఆడవాళ్ళను గోతాలు తడిపి తెమ్మన్నాడు, మిగిలినవాళ్ళను ప్రహరీకి ఇరవై అడుగుల దూరంలో వరుసగా నిలబెట్టి గడ్డిని పార్లతో చెక్కించాడు. గుప్పెడు దుమ్ము పైకి విసిరి, అది ఎటు పడుతుందో చూసి, చెక్కిన చారకు అవతల తానే అగ్గిపుల్ల గీశాడు. మంటకు మంటను ఎదురు పంపడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. రెండు మంటలూ కలిసిన చోట మనిషెత్తున ఒక జ్వాల లేచి, కాల్చడానికి ఇంకేమీ లేక, చప్పున కూలిపోయింది.

ఎనిమిదింటికి మిగిలినవి నిప్పురవ్వలే. స్తంభాన్ని పట్టి ఉంచే గై వైర్ల లంగర్లలో ఒకటి ప్రహరీ బయట ఉండేది. తుప్పు పట్టకుండా దానికి పూసిన గ్రీజు కరిగి, కాలి, తీగ మీద మూరెడు పొడవున నల్లని చారగా మిగిలింది. తాకితే ఇంకా చురుక్కుమంది. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న బూడిదను చీపురు పుల్లలతో గీకి, కడిగి, తొమ్మిది దాటాక జనరేటర్ వేసి ప్రసారం పునరుద్ధరిస్తే, తెర మీద మొదట కనిపించింది కన్నీళ్ళు తుడుచుకుంటూ వస్తున్న వినోద్ కాంబ్లీ. అక్కడ గ్యాలరీల్లో జనమే మంటలు పెట్టి ఆట ఆపించారని తెలిసింది. "దీనికంటే కట్టేసి ఉంచితేనే నయంగా ఉండె సారూ" అన్నాడు పెద్దాయన. వారం తర్వాత, ప్రసార అంతరాయానికి సంజాయిషీ ఇవ్వమంటూ పై కార్యాలయం నుంచి మెమో అందింది. రెండు పేజీల జవాబు రాసి, డిసెంబరు నాటి నా ఉత్తరాన్నీ, దానికి వాళ్ళిచ్చిన జవాబునూ జతపరిచాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. మరుసటి డిసెంబరులో గడ్డి కోతకు నిధులు అడక్కుండానే వచ్చాయి.

అప్పటి నుంచి ఎక్కడ కొండ మీది కేంద్రానికి నిప్పు ముప్పు వచ్చినా పట్టి పట్టి చదవడం అలవాటైంది. 2003 జనవరి 18న ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా పక్కనున్న మౌంట్ స్ట్రోమ్లో వేధశాలను కార్చిచ్చు బూడిద చేసింది. దాని చుట్టూ దేవదారు జాతి చెట్ల తోటలు గోపురాల దాకా వచ్చి ఉండేవి. 2009 ఆగస్టు 26న మొదలైన, స్టేషన్ ఫైర్ అని పేరు పెట్టిన కార్చిచ్చు మౌంట్ విల్సన్ మీదికి వచ్చినప్పుడు, అక్కడి సౌర దూరదర్శిని గోపురం మీది కెమెరా చిత్రాలను ఆఫీసులో డ్యూటీ అయ్యాక చూస్తూ కూర్చునేవాణ్ణి. అక్కడి సిబ్బంది శిఖరం చుట్టూ ఎదురు మంటలు పెట్టి కాపాడారు. పల్నాడు పెద్దాయన చేసిందే, వందల మందితో. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. ఆ తర్వాత మాకు ఇంటికి వెళ్ళే తీరికే లేదు, కొండ సంగతి సరే సరి. 2020 సెప్టెంబరులో బాబ్‌క్యాట్ ఫైర్ వేధశాలకు 500 అడుగుల దూరం దాకా వచ్చి ఆగింది. కరోనా రోజులు కాబట్టి ఇంట్లోంచి కదిలే పని లేక, దాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా చూశాను.

కాబట్టి ఈటన్ మంటను చూస్తున్నప్పుడు నేను వెతికింది జ్వాలల కోసం కాదు. గోపురాల చుట్టూ, స్తంభాల కాళ్ళ దగ్గర బోడి నేల ఎంత కనిపిస్తోంది, పొదలు ఎంత దూరంలో ఆగాయి, రోడ్డు తెరిచి ఉందా అని చూశాను. ఆ కొండల మీది పొదలు మన బోదగడ్డిలాంటివి కావు. ఆకుల్లో నూనె ఉండి, పచ్చిగా ఉన్నా భగ్గుమంటాయి. ఆ శీతాకాలం వాళ్ళకు వాన దాదాపు పడనే లేదు. కరెంటు పోతే స్తంభాలు జనరేటర్ల మీద నడవాలి, జనరేటర్లకు డీజిల్ కావాలి, డీజిల్ ట్యాంకరుకు మంటలు లేని రోడ్డు కావాలి. వేధశాలకు మరో బెడద ఉంది. మంట దూరంగా ఆగినా బూడిద లోపలికి చేరుతుంది. అది క్షార గుణం కలది, తేమ తగిలితే అద్దం మీది అల్యూమినియం పూతను తినేస్తుంది. గోపురం మూసి, సందులన్నీ బిగించి దిగిపోవడం తప్ప మనుషులు చేయగలిగింది తక్కువ.

బుధవారం రాత్రి మన టీవీల నిండా తిరుపతి తొక్కిసలాటే. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి ఆరుగురు చనిపోయారు. కాలిఫోర్నియా కింద నడిచే అక్షరాల వరుసలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ రాత్రి రెండు చోట్ల కోసం ఏడ్చింది.

అనుకున్నట్టే అక్కడ గాలి కాస్త నెమ్మదించింది, విమానాలు లేచాయి, మంట మొహం తిప్పింది. అక్కడ గురువారం, మనకు గురువారం రాత్రి తెల్లవార్లూ, అది మౌంట్ విల్సన్ వైపు ఎక్కుతూనే ఉంది. పటం మీద చుక్కలు శిఖరం కింది లోయను నింపుతూ వచ్చాయి. కెమెరా చిత్రంలో స్తంభాల వెనక పొగ లేస్తోంది. పొగ తెల్లగా ఉన్నంతసేపు కాలుతున్నవి పొదలనీ, చిక్కని నలుపు వచ్చిందంటే ఇల్లో, నూనో, కేబులో అంటుకుందనీ నాకు తెలిసిన లెక్క. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో నా తెర మీద చిత్రం ఒకే చోట నిలిచిపోయింది. మా ఇంటి ఇంటర్నెట్టే మొరాయించిందని తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను పల్నాడు గుట్ట మీదే ఉన్నాను.

తెల్లవారితే ముక్కోటి ఏకాదశి. ఉత్తర ద్వార దర్శనానికి మా ఆవిడ తలంటు పోసుకుని సిద్ధమవుతుంటే, ఐదున్నరకు అమ్మాయి ఫోన్. "నాన్నా, ఇక్కడ కూడా ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండమని ఫోన్లో హెచ్చరిక వచ్చింది. ఎటు పోవాలి?" గొంతు వణుకుతోంది. సెరిటోస్ ఉన్నది మైదానంలో, మంటకు ముప్ఫై నలభై కిలోమీటర్ల అవతల. అక్కడ అడవే లేదు. పటం చూశాను, ఆ చుట్టుపక్కల ఒక్క చుక్క లేదు. "పెద్దగా కంగారు పడకమ్మా, రేడియో పెట్టి ఐదు నిమిషాలు విను" అన్నాను. కాసేపటికే సవరణ వచ్చింది: పడమటి కొసన లేచిన మరో మంట దగ్గరి కొద్ది ప్రాంతానికి పంపవలసిన సందేశం, పొరపాటున కౌంటీలోని కోటి మందికీ పోయింది. అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే అంతకంటే పెద్ద తప్పు అప్పటికే జరిగిపోయింది. మంట పుట్టింది మంగళవారం సాయంత్రం ఆరు దాటాక. పడమటి ఆల్టడీనాను ఖాళీ చేయమన్న ఆదేశం బుధవారం తెల్లవారుజామున మూడున్నర ప్రాంతానికి గానీ వెలువడలేదు. చనిపోయినవారిలో అత్యధికులు ఆ వైపువాళ్ళే. తొమ్మిది వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. నేను మాత్రం స్తంభాలు కూలితే మాట ఆగిపోతుందని వాటినే చూస్తూ కూర్చున్నాను. స్తంభాలు నిలిచే ఉన్నాయి. ఆ వీధుల వాళ్ళకు చెప్పవలసిన మాట మాత్రం తొమ్మిది గంటలు ఎవరి దగ్గరో ఉండిపోయింది. దీనికి నా దగ్గర ఏ సూత్రమూ లేదు, ఏ వర్గమూలమూ లేదు.

కొండ దక్కింది. నేల మీద సిబ్బంది, పై నుంచి హెలికాప్టర్ల నీళ్ళు, అంతకుముందు ఏళ్ళ తరబడి నరికి ఉంచిన పొదలు, మూడూ కలిసి శిఖరాన్ని కాపాడాయి. గోపురాలు, స్తంభాలు క్షేమం. అమ్మాయి వాళ్ళ ఇల్లు కూడా నిలిచింది. కిటికీ సందుల్లోంచి వచ్చిన బూడిద మాత్రం పిండిలా అన్నిటి మీదా పేరుకుందట. వెళ్ళి చూసి వచ్చి, ఆ చుట్టుపక్కల కొన్ని చోట్ల కుళాయి నీళ్ళు కాచి కూడా తాగవద్దన్నారని చెప్పింది. "కాచినా పనికిరాకపోవడమేమిటే?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది.

సోమవారం భోగి. బ్రాడీపేటలో మా లైను కుర్రాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే పాత తలుపులు, తాటాకులు, పిడకల దండలు పోగేసి, సరిగ్గా రెండు కరెంటు స్తంభాల నడుమ, కేబుల్ తీగలు, ఇంటర్నెట్ తీగలు గుత్తులుగా వేలాడే చోట పేర్చారు. చలికి శాలువా కప్పుకుని బయటికి వచ్చి, "బాబూ, దాన్ని ఆ మూలమీదికి జరపండి" అన్నాను. "తీగలు అంత ఎత్తున ఉన్నాయి కదా తాతగారూ, ఏం కాదు" అన్నాడు ఒకడు. నేను వంగి ఒక తలుపు చెక్క చివర పట్టుకున్నాను. పెద్దవాణ్ణి మోయనివ్వడం బాగుండదని కాబోలు, గొణుక్కుంటూనే అందరూ తలో చెయ్యీ వేశారు. లోపలి నుంచి మా ఆవిడ రెండు బకెట్లతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది.